తాత తెచ్చిన దొరల బీరువా: గీకించాలా, అమ్మాలా, అమెరికాకు పంపాలా?

ప్రశ్న:

మాది దేవరకొండ. మా ఇంట్లో తాత కాలం నాటి సొరుగుల బీరువా ఒకటి ఉన్నది. పైన రెండు చిన్న సొరుగులు, కింద మూడు పెద్దవి. తాత సికింద్రాబాద్‌లో ఒక ఇంగ్లీషు ఆఫీసర్ దగ్గర గుమాస్తాగా చేసేవాడట. ఆ దొర దేశం విడిచి పోతూ సామాను వేలం వేస్తే దీన్ని కొని, కొంత దూరం లారీ మీద, కొంత దూరం ఎడ్లబండి మీద తెచ్చాడని చెప్తారు. ఇంటికి ఎవరు వచ్చినా "ఓక్ చెక్క, నూటయాభై ఏండ్లది" అని చూపించేవాడు. నాయనమ్మ పట్టా కాగితాలు, పట్టుచీరెలు అందులోనే దాచేది.

ఇప్పుడు తలా ఒక మాట అంటున్నారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక వ్యాపారి 35 వేలు ఇస్తానన్నాడు, "పాలిష్ గిట్ల చేయించకండి, ఇట్లనే ఇయ్యండి" అన్నాడు. మా వడ్లాయనేమో నలుపంతా మిషన్‌తో గీకి కొత్త పాలిష్ వేస్తే రెట్టింపు ధర వస్తదంటున్నాడు. డల్లస్‌లో ఉన్న తమ్ముడు తనకు పంపమంటున్నాడు. వానలు మొదలైనప్పటి నుంచి అన్నిటికంటే కింది సొరుగు రావడం లేదు. ఒక కాలు దగ్గర తెల్లటి పొడి రాలుతున్నది. రెండు ఫొటోలు పంపుతున్నాను. ఇది నిజంగా ఓకేనా?

– ఒక టీచర్, దేవరకొండ

సమాధానం:

చెల్లెమ్మా, "ఓకేనా" అని రెండు అర్థాలు వచ్చేటట్టే రాశారనుకుంటున్నా. రెండింటికీ జవాబు చెప్తాను గాని, ముందు ఒక పని చేయండి. వడ్లాయనకు ఫోన్ చేసి మిషన్ తీసుకొని రావద్దని చెప్పండి. అడ్వాన్సు ఇచ్చి ఉంటే ఆ డబ్బుతో వంటింటి తలుపులు బాగు చేయించుకోండి. ఆయన పనిమంతుడే అయి ఉంటాడు, ఆయన చేతికి నేను వంక పెట్టడం లేదు. ఈ బీరువాకు ఆ పని పనికి రాదు, అంతే.

మీకు సలహా ఇచ్చిన ముగ్గురిలో తెలిసి మాట్లాడినవాడు ఆ వ్యాపారి. 35 వేలు అన్నచోట కాదు, "ఇట్లనే ఇయ్యండి" అన్నచోట. నూరేండ్ల చేతి జిడ్డు, మైనం, దీపం పొగ, తుడిచిన గుడ్డ రాపిడి అన్నీ కలిసి పాత చెక్క మీద ఒక పొర కడుతుంది. పిడి చుట్టూ ఒక రంగు, మూలల్లో ఒక రంగు, పైపలక మీద ఇంకో రంగు. పాత సామాను సేకరించేవాళ్లు ముందు చూసేది దాన్నే. ఆ పొర ఏ దుకాణంలోనూ డబ్బాలో దొరకదు. మిషన్ పడితే అరగంటలో పిండి అయిపోతుంది. కొత్త ఫర్నిచర్ కావాలనుకునేవాడు ఆ తళతళకు రెండు రూపాయలు ఎక్కువ ఇస్తాడేమో. సేకరించేవాడు మాత్రం చూసి, చాయ తాగి, లేచి వెళ్లిపోతాడు.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న సంగతి. మహబూబ్‌నగర్‌లో మా ఇంట్లో నాయనమ్మ జిట్రేగి సందుగ ఉండేది. ముప్ఫై ఏండ్లు వర్క్‌షాపులో పిల్లలకు కార్పెంటరీ నేర్పిన మనిషినై ఉండి కూడా, కొడుకు పెండ్లికి ఇంటికి రంగులు వేయించే ఊపులో దాన్ని పాలిష్ మనిషికి అప్పజెప్పి బజారుకు పోయాను. సాయంత్రం వచ్చేసరికి ఎర్రగా మెరిసిపోతున్నది. మూత లోపలి వైపు మేకుతో గీసిన నిలువు గీతలు వరుసగా ఉండేవి, కొన్నింటి మీద అడ్డంగా కొట్టివేతలు. ఎవరికి ఎన్ని కుంచాల జొన్నలు బదులిచ్చిందో, ఎవరు తీర్చారో ఆమె రాసుకున్న లెక్క. అక్షరం రాని మనిషి ఖాతా పుస్తకం అది. లోపల కూడా గీకమని నేను చెప్పలేదు, వద్దని కూడా చెప్పలేదు. ఒక్క గీత మిగల్లేదు. పెండ్లికి వచ్చినవాళ్లు "ఏ షోరూంల కొన్నరు సార్?" అని అడిగారు.

ఇక మీ ఫొటోలు. మొదటిది, బీరువా ముందు పాప నిలబడ్డది, ముచ్చటగా ఉన్నది గాని నాకు అక్కరకు రాలేదు. రెండోది అట్ల కాదు. పైసొరుగు ఒకటి పూర్తిగా గుంజి, మంచం మీద పక్కకు తిప్పి పెట్టి తీశారు. కావాలని తీశారో, చీరెల కోసం తీస్తే అట్ల పడిందో గాని, చూడవలసిందంతా అందులోనే ఉన్నది. బీరువా ముఖానికి ఎన్నిసార్లయినా రంగు వేస్తారు. సొరుగు పక్కలకు, అడుగుకు, వెనక పలకకు ఎవరూ వేయరు.

ఆ పక్కచెక్క మీద, పొడుగ్గా పోయే గీతలకు అడ్డంగా, వెండి రేకు తుంచి అతికించినట్టు అక్కడక్కడ మెరుపులున్నాయి చూడండి. ఫోన్ టార్చిని ఏటవాలుగా పట్టుకుంటే ఇంకా బాగా కనపడతాయి. ఓక్ మానులో నడిమి నుంచి బెరడు దాకా, బండిచక్రానికి ఆకులున్నట్టు, మందమైన కిరణాలు ఉంటాయి. మొద్దును నడిమికి చీల్చి పలకలు కోస్తే ఆ కిరణాలు పలక ముఖం మీదికి వచ్చి ఇట్ల మెరుస్తాయి. టేకులోనూ కిరణాలుంటాయి గాని అవి సన్నం, ఇంతలేసి మచ్చలుగా రావు. టేకును గోటితో గీరి వాసన చూస్తే పాత తోలు వాసన, చేతికి కొంచెం నూనెతనం తగులుతుంది. మీ సొరుగుకు ఆ రెండూ ఉండవని నా అంచనా.

ఇంకో సాక్ష్యం, వెనక మూలలో ఉన్న రెండు మేకులు. వాటి చుట్టూ సిరా చుక్క పడ్డట్టు నల్లటి మచ్చ ఉన్నది. నిజానికి అది సిరానే. వెనకట మన దగ్గర కరక్కాయ, అన్నభేది కలిపి సిరా చేసేవాళ్లు. కరక్కాయలో వగరు, అన్నభేదిలో ఇనుము, రెండూ కలిస్తే నలుపు. ఓక్ చెక్కలో అదే వగరు దండిగా ఉంటుంది. మేకులో ఇనుము ఉన్నది, గాలిలో తేమ ఉన్నది. ఏండ్ల మీద అదే సిరా తయారైంది. మిషన్ పెట్టి ఆ మచ్చ పోగొట్టాలనుకుంటే చెక్క సన్నబడుతుందే గాని మచ్చ పోదు, లోపలి దాకా దిగి ఉంటుంది.

అయితే ఒక మోసం గురించి కూడా చెప్పాలి. సిల్వర్ ఓక్ అని కాఫీ, టీ తోటల్లో నీడ కోసం పెంచే చెట్టు ఉన్నది. పేరులో ఓక్ ఉన్నది గాని చెట్టు ఆస్ట్రేలియాది, జాతి వేరు. దాని కోతలో కూడా ఇట్లాంటి వల మెరుపే వస్తుంది, అందుకే బజారులో కొందరు దాన్నే ఓక్ అని అమ్ముతారు. అది తేలిక, మెత్తన. మీ సొరుగు మందం, మేకుల చుట్టూ ఆ నలుపు చూస్తే సిల్వర్ ఓక్ అనిపించడం లేదు. దక్కనులో అసలు ఓక్ చెట్టే పెరగదు. మనకు టేకు, జిట్రేగి, నల్లమద్ది, ఏగిస. కాబట్టి ఈ చెక్క సముద్రం దాటి వచ్చిందే అనుకోవచ్చు.

మూల చూడండి ఇప్పుడు. ముందు పలక, పక్క పలక కలిసేచోట పావురం తోకలాగ విచ్చుకున్న పండ్లు ఒకదాంట్లో ఒకటి దూరి ఉన్నాయి. వర్క్‌షాపులో మేం డవ్‌టెయిల్ అంటాం. మీ దాంట్లో మూడే ఉన్నాయి, నడిమిది మిగిలిన రెండింటికంటే లావు. పండ్ల మొదట్లో సన్నటి గీత ఒకటి అటు నుంచి ఇటు దాకా పోతున్నది. ఉలి ఎంత లోతుకు దిగాలో గుర్తుకు పనివాడు గీసుకున్న గీత అది, చెరపకుండా వదిలేశాడు. 19వ శతాబ్దం చివరికి వచ్చేసరికి ఈ పండ్లను మిషన్లు కోయడం మొదలైంది. వాటిలో అన్నీ ఒకే కొలత, ఒకే దూరం, దువ్వెన పండ్లలాగ. మీ సొరుగు చేతిపని, అందులో అనుమానం లేదు.

సొరుగులు ఓక్ అయినంత మాత్రాన బీరువా అంతా ఓక్ అని కాదు, ఇది గుర్తు పెట్టుకోండి. ఇంగ్లండ్ వడ్రంగులు మంచి బీరువాలకు ముందు వైపు మహాగనియో, వాల్‌నట్టో పెట్టి, సొరుగుల లోపలి పని ఓక్‌తో చేసేవాళ్లు. కంటికి కనపడేచోట ఖరీదైన చెక్క, బరువు మోసేచోట గట్టి చెక్క. మీ బీరువా ముఖం మీద నల్లటి వార్నిష్ ఉన్నది కాబట్టి ముందు నుంచి తేలదు. అదే సొరుగు తీసి, ముందు పలక వెనక వైపు చూడండి, అక్కడ రంగు ఉండదు. అక్కడా వెండి మెరుపులు కనపడితే తాత మాటే నిజం, ముఖం కూడా ఓకే. ఎర్రటి చెక్క కనపడితే ముఖం మహాగని కావచ్చు. పలక పైఅంచున పచ్చి ఉల్లిపొరలాగ సన్నటి పొర అతికించినట్టు కనపడితే అది ఇంకో కథ, ఫొటో పంపండి.

వయసు సంగతికి వస్తే "నూటయాభై" అన్న అంకెను పక్కన పెట్టండి. తాత ఏ సంవత్సరంలో అన్నాడో, దొర ఆయనకు ఏం చెప్పాడో మనకు తెల్వదు. బీరువానే అడుగుదాం. 17వ శతాబ్దపు ఓక్ బీరువాలలో సొరుగు పక్కలకు నడుమ గాడి తవ్వి, లోపలి పట్టీ మీద వేలాడదీసేవాళ్లు. మీ సొరుగు పక్క నున్నగా ఉన్నది, కింది అంచు అరిగి ఉన్నది, అంటే అడుగున ఉన్న పట్టీల మీద జరుగుతుంది. అంత పాతది కాదు. సొరుగును తిరగేసి అడుగు పలక పోగు (చెక్కలో సహజంగా ఉండే పొడుగు గీతలు) ఎటు పోతున్నదో చూడండి. ముందు నుంచి వెనకకు పోతే 18వ శతాబ్దం మధ్యకు ముందు పద్ధతి, ఎడమ నుంచి కుడికి పోతే ఆ తర్వాతది. నూటికి నూరు పాళ్లు పట్టే లెక్క కాదు, పల్లె వడ్రంగులు పాత పద్ధతే చాలా కాలం పట్టుకొని ఉన్నారు. అడుగు ప్లైవుడ్ అయితే 20వ శతాబ్దంలో ఎవరో మార్చారన్నట్టు. బీరువాను గోడ నుంచి జరిపి వెనక పలకలు కూడా చూడండి. రంపం గీతలు తిన్నగా, ఎగుడుదిగుడుగా ఉంటే చేతి రంపం. వంపు తిరిగి విల్లులాగ ఉంటే గుండ్రటి రంపం, అంటే 19వ శతాబ్దానికి వచ్చేశాం. ఒక స్క్రూ తేలిగ్గా వస్తే తీసి మొన చూడండి. మొన మొద్దుగా ఉంటే 1850కి ముందుది కావచ్చు, సూదిగా ఉంటే తర్వాతది. గట్టిగా ఉంటే వదిలేయండి, దాని కోసం కుస్తీ పట్టకండి.

పిడులు రెండు రకాలుగా ఉన్నాయని ఫొటోలో గమనించాను. కంగారు పడకండి, పిడులు మార్చుకోవడం మామూలే. లోపలి వైపు చూస్తే పాత పిడుల రంధ్రాలు చెక్క ముక్కతో మూసి ఉంటాయి. ఇప్పుడు రెండు రంధ్రాల ఇత్తడి పిడి ఉండి, వాటి నడుమ మూసేసిన రంధ్రం ఒకటి కనపడితే మధ్యలో కొన్నాళ్లు చెక్క గుబ్బలు పెట్టుకున్నారన్నమాట. అన్నీ ఒకేలా ఉండాలని బజారు నుంచి కొత్త సెట్టు తెచ్చి వేయకండి. ఉన్నవి ఉండనీయండి.

అయిదు సొరుగులనూ పక్కపక్కన పెట్టి పండ్ల తీరు, చెక్క రంగు ఒకటేనా చూడండి. ఒక బీరువా పైభాగం, ఇంకో దాని కిందిభాగం కలిపి ఒకటిగా అమ్మడం ఇంగ్లండ్‌లో పాత విద్య. ఆ వ్యాపారంలో దాన్ని పెండ్లి అనే అంటారు. ఇట్లాంటి పెండ్లి అయిన బీరువాకు ధర తగ్గుతుంది.

ధర అంటారా, ఇక్కడ మీకు నచ్చని మాట చెప్పాలి. ఇంగ్లండ్‌లోనే 2000 తర్వాత ఇట్లాంటి ముదురు రంగు పాత ఫర్నిచర్ ధరలు బాగా పడిపోయాయి. చిన్న ఇండ్లు, కొత్త రుచులు, పెట్టుకునే జాగ లేదు. మన దగ్గర పాత సామాను కొనేవాళ్లు టేకు, జిట్రేగి అంటే ఎగబడతారు, లేదా ఫౌజు ఆఫీసర్ల బీరువాలు అడుగుతారు. 1806 నుంచి కంటోన్మెంటు ఉన్న ఊరు సికింద్రాబాద్. బదిలీ అయినప్పుడల్లా మోసుకుపోవడానికి వీలుగా, రెండు ముక్కలుగా విడిపోయే, మూలలకు ఇత్తడి రేకులున్న, పిడులు చెక్కలోకి దిగి ఉండే బీరువాలు ఆఫీసర్లకు ఉండేవి. అవి ఎక్కువ టేకు, మహాగని. మీది ఆ రకం కాదు. ఇంట్లో వాడుకునే మామూలు ఇంగ్లీషు బీరువా. దాన్ని కోరి వెతుక్కుంటూ వచ్చేవాళ్లు మన దగ్గర తక్కువ. కాబట్టి 35 వేలు దోపిడీ అని నేను అనను, లక్షలు వస్తాయని ఆశ పెట్టను. ముఖం మహాగని అని తేలితే లెక్క మారవచ్చు. అమ్మాలనే ఉంటే పైన చెప్పినవన్నీ చూసి, ఫొటోలు తీసి, ఇంకో ఇద్దరికి చూపించాకే అమ్మండి. ఏ చెక్క, ఏ కాలం అనుకుంటున్నాడో ఆ మొదటి వ్యాపారిని కాగితం మీద రాసిమ్మనండి. రాయడానికి వెనకాడితే ధర కూడా వెనకాడినట్టే.

పొడి గురించి. కాలు కింద నల్లటి కాగితం పరచండి. రంధ్రాల చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టండి. పది పదిహేను రోజుల్లో కాగితం మీద కొత్త పొడి పడినా, సున్నా లేని రంధ్రం కనపడినా పురుగు బతికే ఉన్నది. లేకపోతే ఎప్పుడో చచ్చిన పురుగు తిన్న పాత పొడి కుదుపుకు రాలుతుండవచ్చు. బతికి ఉంటే రంగు లేని వైపుల నుంచి, అంటే కాలు అడుగున, వెనకాల, బోరాక్స్ కలిసిన చెక్క మందు సిరంజితో పట్టించండి, ముందు ముఖానికి తగలనీయకండి. కాలిన ఇంజిన్ ఆయిల్ పూయమని ఎవరో ఒకరు చెప్తారు, వినకండి. ఆ వాసన చీరెలకు పట్టి ఏండ్లకొద్దీ పోదు. చెదల భయానికి నాలుగు కాళ్ల కిందా తాండూరు బండ ముక్కలు పెట్టి, గోడకు జానెడు దూరం జరపండి.

కింది సొరుగును ఇప్పుడు గుంజకండి. పిడి ఊడి చేతికొస్తుంది. వానకాలం చెక్క తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, పొడుగు మాత్రం మారదు. ఇప్పుడు రంద పట్టి అంచు తీయిస్తే ఎండకాలం వచ్చేసరికి సందులో వేలు దూరేంత ఖాళీ వస్తుంది. మన నల్లగొండ ఎండలకు మే నెలలో ఆ సొరుగు దానంతట అదే గలగలలాడుతుంది. తొందరగా కావాలంటే దసరా దాటినాక, తేమ తగ్గినాక, దాని పైసొరుగు పూర్తిగా తీసేసి, ఆ ఖాళీలో నుంచి చెయ్యి పెట్టి కింది సొరుగును వెనక నుంచి ముందుకు నెట్టండి, ఒకసారి ఎడమ, ఒకసారి కుడి. వచ్చాక అరిగిన అంచులకు మామూలు కొవ్వొత్తి రుద్దితే చాలు. పక్క పలకల్లో చీలికలు ఉన్నాయని లప్పం పెట్టించకండి. చలిదేశంలో పెరిగిన చెక్క మన ఎండకు చీలడం సహజం.

తుడవడానికి పొడి మెత్తగుడ్డ, ఏడాదికి ఒకసారి కొంచెం తేనెమైనం. నల్లటి వార్నిష్ ఏమిటో తెలుసుకోవాలంటే కనపడని మూలలో దూదికి స్పిరిట్ అద్ది ఒక్కసారి తాకించండి. జిగటగా అయితే అది లక్క పాలిష్. మోదుగ, రేగు లాంటి చెట్ల మీద లక్క పురుగు చేసే లక్కే అది. మన దేశం నుంచి ఓడెక్కి ఇంగ్లండ్ పోయి, దొరల బీరువాకెక్కి మళ్లీ దేవరకొండకు వచ్చిందేమో. తెలుసుకున్నాక దూది పక్కన పడేయండి, మొత్తం తుడవకండి.

తమ్ముడికి ఏం చెప్పాలో ఇప్పుడు చూద్దాం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేండ్లు దాటిన ఇట్లాంటి పాత వస్తువులను మామూలు మనుషులు దేశం దాటించరాదు. పంపాలంటే ఇది పురావస్తువు కాదని పురావస్తు సర్వే శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. అంటే తాత మాట నిజమైతే బీరువా డల్లస్ పోదు, పోయిందంటే తాత మాట నిజం కాదన్నట్టు. ఈ మాట తమ్ముడికి ఫోన్‌లో చెప్పి ఆయన ఏమంటాడో చూడండి. ఇంట్లో ఉంచుకోవడానికి మాత్రం ఏ రిజిస్ట్రేషనూ అక్కరలేదు. అది శిల్పాలు, చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతుల్లాంటి వాటికే.

ఒక్కటి మర్చిపోయాను. కింది సొరుగు వచ్చినప్పుడు అడుగున పరిచిన పాత కాగితాలను చించి పారేయకండి. నాయనమ్మలు సొరుగుల్లో పత్రికలు పరిచేవాళ్లు. 1926లో మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి మొదలుపెట్టిన గోలకొండ పత్రిక పేజీ ఒకటి దొరికినా దొరకవచ్చు. దాంతో బీరువా వయసు తేలదు గాని, మీ ఇంటికి ఎప్పుడు వచ్చిందో ఒక అంచనా దొరుకుతుంది. మెల్లగా ఎత్తి, పేజీ పైన తారీఖు కనపడేటట్టు ఫొటో తీసి పంపండి. ముందు పలక వెనక వైపు ఫొటో కూడా.